మాకు పొదుపు పాఠం చెప్పేదెవరు?

పొదుపు గురించి మాకు పాఠం చెప్పనివాడు ఈ దేశంలో ఎవడూ లేడు. కామందు చెప్తాడు. బడిపంతులు చెప్తాడు. గుడిలో పాస్టరు చెప్తాడు. డ్వాక్రా మీటింగుకొచ్చిన ఆఫీసరు చెప్తాడు. బ్యాంకులో మా అమ్మని గంటసేపు నిలబెట్టి గుమాస్తా కూడా చెప్తాడు. "మీవాళ్ళకి చేతిలో డబ్బు నిలవదమ్మా" అనేది ఆ పాఠానికి పల్లవి. నిలవటానికి ముందు అది చేతిలోకి రావాలి గదా అని ఎవరూ అనరు. ఎవరి చేతిలోంచి రావాలో, ఇన్ని తరాలుగా ఎందుకు రాలేదో అసలే అడగరు.

నేను ప్రభుత్వ బడిలో లెక్కల టీచర్ని. గుంటూరు జిల్లాలో సాగరు కాలవ కింద ఒక మాదిగపల్లెలో పుట్టి, ఎస్సీ హాస్టల్లో పెరిగి, డీఎస్సీ రాసి ఉద్యోగం తెచ్చుకున్నదాన్ని. మా వంశంలో డిగ్రీ చదివిన మొదటి మనిషిని. ఇప్పుడా పొదుపు పాఠం చెప్పే పని నాకూ అప్పజెప్పారు. పిల్లలకి డబ్బు విలువ నేర్పండి, మంచి అలవాట్లు చెయ్యండి అంటారు. రిజర్వు బ్యాంకు వాళ్ళు యేటా ఆర్థిక అక్షరాస్యతా వారం కూడా జరుపుతారు. వద్దని నేననను. మా పిల్లలకి అందరికన్నా ఎక్కువగా డబ్బు లెక్కలు తెలియాలి. కానీ ఆ లెక్క ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలి అన్నదగ్గరే నాకూ ఆ పెద్దలకీ పేచీ.

మా బడి గోడమీద ఒక పోస్టరుంది. గులాబీరంగు పందిపిల్ల బొమ్మ. దాని వీపుమీద చీలిక, ఆ చీలికలో రూపాయి వేస్తూ ఒక తెల్లటి పిల్లవాడు. పంది నవ్వుతుంది. మా పల్లె పక్కనే ఎరుకల వాళ్ళ ఇళ్ళున్నాయి. వాళ్ళు నిజం పందులు పెంచుతారు. బడులు తెరిచే రోజుల్లో ఒక పందినమ్మి పిల్లలకి పుస్తకాలు, చెప్పులు కొంటారు. పంది బ్యాంకంటే అదీ. ఆ పిల్లలు బళ్ళోకొస్తే పక్కన కూర్చోవటానికి ముక్కు మూసుకునే ఊరు, గోడమీది పందిని మాత్రం పొదుపుకి గుర్తని మెచ్చుకుంటుంది. పొదుపు చేసేవాడు వీళ్ళ కళ్ళకి కనపడాలంటే ముందు వాడి కులం తెల్లబడాలేమో.

మేం పొదుపు చెయ్యటం చేతగాక బీదవాళ్ళం కాలేదు. కూడబెట్టటమే మాకు నేరమన్నారు. మనుస్మృతి పదో అధ్యాయంలో శూద్రుడికి శక్తి ఉన్నా ధనం పోగుచెయ్యకూడదని రాసిపెట్టారు. శూద్రుడికే ఆ గతైతే ఊరి బయటున్న మాకేం చెప్పాలి? పుస్తకంలోది ఊళ్ళోకి ఎట్లా వచ్చిందంటే, మా నాయనమ్మ చెప్పేది. కొట్టుకి పోతే డబ్బులు అరుగుమీద పెట్టాలి. కొట్టతను వాటిమీద నీళ్ళు చల్లి తీసుకునేవాడు. తిరిగిచ్చే చిల్లర మాత్రం చేతికివ్వకుండా కిందకి విసిరేవాడు. మా చేతికి అంటు ఉంది, మా రూపాయికి లేదు. ఈ సంగతి మా నాయనమ్మ నవ్వుతా చెప్పేది గానీ నాకెప్పుడూ నవ్వు రాలేదు.

మా తాత పాలేరు. మా మేనత్త పెళ్ళికి ఆసామి దగ్గర మూడువందలు తీసుకున్నాడు. ఆ మూడువందలకి పదకొండేళ్ళు చేశాడు. లెక్క ఎక్కడుంది? ఆసామి పుస్తకంలో. జొరమొచ్చి పడుకున్న రోజుకి నాగా రాసేవాడు. ఒక నాగాకి రెండురోజుల జీతం కోత. చెప్పులు, పొగాకు, పండక్కిచ్చిన పాత పంచె, అన్నీ ఆ పుస్తకంలోకే ఎక్కేవి. మా తాతకి అక్షరం రాదు. ఏడాది చివర లెక్క చూసేటప్పుడు ఆసామి చదివేవాడు, మా తాత చేతులు కట్టుకుని వినేవాడు. "ఇంకా నువ్వే నాకు బాకీరా" అనటంతో లెక్క ముగిసేది. వెట్టి జీతాల్ని రద్దుచేస్తూ 1976లో చట్టం వచ్చింది. చట్టం వచ్చిన సంగతి మా తాతకి ఎవరూ చదివి వినిపించలేదు. ఆ ఆసామి ఇంటివాళ్ళు ఈనాటికీ మా పల్లెవాళ్ళని చూసి పొదుపు తెలియదంటారు. మా తాత పదకొండేళ్ళ జీతం పొదుపయ్యే ఉంది. కాకపోతే వాళ్ళ ఇంట్లో పొదుపయ్యింది.

ఇహ మా ఇళ్ళల్లో డబ్బు సంస్కారం లేదనే మాట. అది పచ్చి అబద్ధం. మా నాయనమ్మ కొంగుముడి చూసినవాళ్ళెవరూ ఆ మాట అనరు. ఆ ముడిలో నాలుగు చిన్న ముళ్ళుండేవి. ఒకటి ఉప్పూ మిరపకాయకి. ఒకటి మందులకి. ఒకటి చుట్టాలొస్తే. నాలుగోది ఎందుకో ఎవరికీ చెప్పేది కాదు. ఆమె చనిపోయాక విప్పితే తన దినం ఖర్చుకని తెలిసింది. చావుకి కూడా ఇంకొకరి ముందు చెయ్యి చాచకూడదని దాచుకున్న మనిషికి మీరు బడ్జెట్టు నేర్పుతారా?

మా పల్లెలో చేబదులుంది. చేబదులుకి వడ్డీ లేదు, నోటు లేదు, సాక్షి లేడు. పొద్దున తీసుకుని కూలి డబ్బులొచ్చాక ఇచ్చెయ్యాలి. ఇవ్వనివాడికి ఇంకోసారి పుట్టదు. చదివింపులున్నాయి. పెళ్ళికో, పిల్ల పెద్దమనిషైతేనో ఒకడు నోటుబుక్కు పట్టుకుని పందిట్లో కూర్చుంటాడు. ఎవరెంత చదివించారో రాస్తాడు. రేపు వాళ్ళింట్లో పెళ్ళైతే ఆ పుస్తకం తీసి చూసి, అంతకి కాస్త కలిపి చదివిస్తారు. చేతిలో ఏమీ లేనివాళ్ళింట్లో కూడా పెళ్ళి జరిగిపోయేది ఇట్లాగే. నాట్ల ముఠా ఉంది. ఎకరాకి ఇంతని గుత్త మాట్లాడుకుని ఇరవైమంది ఆడవాళ్ళు దిగుతారు. వచ్చింది సమానంగా పంచుకుంటారు. ముసలామె నాలుగు వరసలు తక్కువ వేసిందని కోత పెట్టరు. నాగాకి రెండురోజులు కోసే పుస్తకానికీ, ముసలామెకి సమానవాటా ఇచ్చే ముఠాకీ మధ్య సంస్కారం ఎవరిదో చదివేవాళ్ళే తేల్చండి.

ఇంకొకటుంది. పిడికెడు బియ్యం. మా అమ్మ ఎసట్లో బియ్యం పోసేముందు ఒక పిడికెడు తీసి కుండలో వేసేది. ఆదివారం అది గుడికి పోతుంది. తినటానికి చాలని ఇంట్లో కూడా తియ్యటం మానలేదు. పొదుపంటే మిగిలింది దాచుకోవటం అని పుస్తకాలు చెప్తాయి. మా అమ్మకి మిగిలిందెప్పుడు? ముందే తీసి పక్కన పెట్టటం ఆమెకి ఏ బ్యాంకూ నేర్పలేదు.

ఇంత తెలిసిన ఇంటినుంచి నేను బడికి పోతే ఏం జరిగింది? నేను అయిదో తరగతిలో ఉండగా క్లాసులో పొదుపు డబ్బా పెట్టారు. వారానికి రెండు రూపాయలు వెయ్యాలి. ఊళ్ళో పిల్లలు వేసేవాళ్ళు. పల్లె పిల్లలం ఆరుగురం వెయ్యలేదు. ఒక సోమవారం పంతులుగారు మమ్మల్ని ఆరుగుర్నీ నిలబెట్టి, "వీళ్ళ ఇళ్ళల్లో సాయంత్రమయ్యేసరికి కొట్టుకి కడతారు, బడికి కట్టరు" అన్నాడు. క్లాసంతా నవ్వింది. ఆ వారం మా అమ్మ పొగాకు గ్రేడింగుకి పోయి ఆరురోజులు పనిచేసింది. డబ్బులు పై వారమిస్తామన్నారు. కూలి ఆపుకున్నవాణ్ణి ఎవరూ నిలబెట్టలేదు. మా అమ్మ కూతుర్ని నిలబెట్టారు. పొదుపు పాఠం మా పిల్లలకి ఇప్పటికీ ఎక్కువచోట్ల ఇట్లాగే అందుతుంది. అలవాట్ల గురించి చెప్తున్నట్టుంటుంది, లోపల మాత్రం నీ తల్లిదండ్రులు పనికిమాలినవాళ్ళు అనే మాట ఉంటుంది. తన ఇంటిని చూసి సిగ్గుపడటం నేర్చుకున్న పిల్ల రూపాయి దాచినా దాని విలువ ఏముంది?

అయితే పొదుపు మాకు వద్దా? కావాలి. మీకన్నా మాకే ఎక్కువ కావాలి. ఎందుకో చెప్తాను.

1985 జులై 17న కారంచేడులో మావాళ్ళని వెంటాడి చంపారు. మిగిలినవాళ్ళు ఇల్లూ వాకిలీ వదిలి చీరాల చేరారు. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిదిమందిని నరికారు. ఆ నరుకుడికి ముందు అక్కడ సాంఘిక బహిష్కరణ పెట్టారు. బహిష్కరణంటే కత్తి అక్కరలేని హత్య. పనికి పిలవరు. కొట్టులో సరుకివ్వరు. అప్పు పుట్టనివ్వరు. పొలం గట్టు తొక్కనివ్వరు. వారం తిరిగేసరికి పొయ్యిలో పిల్లి లేవదు. అప్పుడు పిల్లల ఏడుపు వినలేక పెద్దమనుషుల కాళ్ళదగ్గరికి పోవాలి. వాళ్ళ లెక్క అదే. మా ఇళ్ళల్లో ఎన్నిరోజుల గింజలున్నాయో మాకన్నా వాళ్ళకే బాగా తెలుసు. అట్రాసిటీ చట్టానికి 2015లో చేసిన సవరణ సాంఘిక, ఆర్థిక బహిష్కరణని నేరంగా చేర్చింది. చట్టంలోకి ఎక్కటానికి అన్నేళ్ళు పట్టింది. పొయ్యి ఆరిపోవటానికి వారం చాలు.

మా ఊళ్ళో నా చిన్నప్పుడు కూలి పెంచమని పల్లె మొత్తం పనిలోకి దిగటం మానేసింది. తొమ్మిదిరోజులు నిలబడ్డారు. పదోరోజు పొద్దున పాత కూలికే దిగారు. ఐకమత్యం లేక ఓడిపోలేదు. బియ్యం అయిపోయి ఓడిపోయారు. మా నాయన ఆ మాట చాలాసార్లు అన్నాడు. "ఇంకొక్క పదిరోజుల తిండి ఉంటే రేటు వచ్చేదే." నాకు పొదుపు పాఠం అక్కడ అర్థమైంది. మా పిల్లలకి పొదుపంటే ఎదుటివాడికి కాదని చెప్పగలిగిన రోజుల లెక్క. ఇంట్లో నెల గింజలుంటే కూలి రేటు అడగొచ్చు. మూడునెలల డబ్బుంటే బూతులు తిట్టే మేస్త్రీని వదిలిపోవచ్చు. పిల్ల పేరుమీద నాలుగు రూపాయలుంటే పదిహేనేళ్ళకి పెళ్ళి చెయ్యనని తల్లి మొండికెయ్యొచ్చు. సైకిలు కోసం దాచుకో, సెల్లు కోసం దాచుకో అని నేను చెప్పను. తలెత్తటానికి దాచుకో అని చెప్తాను.

ఈ మాట ఆడవాళ్ళు ఎప్పుడో చేసి చూపించారు. నెల్లూరు జిల్లాలో అక్షరాస్యత ఉద్యమం నడిచేటప్పుడు రాత్రిబడి వాచకంలో సీతమ్మ కథ పెట్టారు. సారా తాగే మొగుడు, చితికిన సంసారం. నువ్వు చెడ్డదానివి, పొదుపు తెలియనిదానివి అని ఆ పాఠం చెప్పలేదు. నీ డబ్బు ఎటు పోతుందో చూడు అని చూపించింది. చదువుకున్న ఆడవాళ్ళు ఇంట్లో మొగుణ్ణి తిట్టటంతో ఆగలేదు, ఊళ్ళో సారాకొట్టు మూయించారు. దూబగుంట పేరు దేశమంతా తెలిసింది. 1993 అక్టోబరులో సారా నిషేధం వచ్చింది. ఆ ఆడవాళ్ళే రోజుకో రూపాయి చొప్పున పొదుపు మొదలుపెట్టారు. చూశారా వరస? ముందు తమ డబ్బు కాజేసేవాణ్ణి గుర్తుపట్టారు. తర్వాత దాచుకున్నారు. మన బళ్ళల్లో మొదటిది వదిలేసి రెండోది చెప్పమంటారు.

ఆ పొదుపు తర్వాత ఏమైందో కూడా చెప్పుకోవాలి. ఆడవాళ్ళు గ్రూపుగా కూర్చుని ఒకరికొకరు హామీ ఉండే మంచి అలవాటుని మైక్రోఫైనాన్సు కంపెనీలు ఎత్తుకుపోయాయి. వారంవారం వాయిదా. ఒకామె కట్టలేకపోతే మిగిలినవాళ్ళు ఆమె గుమ్మం ముందు కూర్చోవాలి. మా పల్లెలో చేబదులిచ్చుకున్న ఆడవాళ్ళచేతే ఒకరినొకరు తిట్టించారు. ఆత్మహత్యలు జరిగి గగ్గోలు పుట్టాక 2010 అక్టోబరులో రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది. పేదవాళ్ళ నమ్మకం మీద కూడా వడ్డీ వసూలు చెయ్యొచ్చని ఆ కంపెనీలు లోకానికి నిరూపించాయి. అందుకే మంచి అలవాటొక్కటే చాలదంటాను. అలవాటుకి లెక్క తోడుండాలి.

మావాళ్ళ తప్పులు దాచిపెడుతున్నానని ఎవరూ అనుకోవద్దు. తాగుడుంది. కూలి డబ్బుల్లో అమ్మది ఇంటికొస్తే నాయనది దారిలో ఆగే ఇళ్ళు నేను చూస్తూనే ఉన్నాను. ఫంక్షనుకి ఫ్లెక్సీలు కట్టి, డీజే పెట్టి మూడు రూపాయల వడ్డీకి తెచ్చే కుర్రాళ్ళున్నారు. కొడుకు బైకుకి పుట్టే అప్పు కూతురి ఇంటరు ఫీజుకి పుట్టదు. సెల్‌ఫోనులో పందేలు కాసి తల్లి డ్వాక్రా డబ్బులు పోగొట్టినవాళ్ళున్నారు. డబ్బుపెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్ని నిషేధిస్తూ 2025లో పార్లమెంటు చట్టం చేసింది, మంచిదే. ఇవన్నీ నేను క్లాసులో మాట్లాడతాను. నేను మాట్లాడితే అది ఇంటిమనిషి కోపం. ఊరి అరుగుమీద కూర్చుని మాట్లాడితే అది కులం కోపం. పిల్లలకి ఈ రెండిటికీ తేడా తెలుసు.

క్లాసులో నేనేం చెప్తానో వినండి. ఏడో తరగతి లెక్కల్లో బారువడ్డీ ఉంటుంది. పుస్తకంలో వడ్డీ ఎప్పుడూ ఏడాదికి ఎనిమిది శాతమో పది శాతమో. మా పిల్లల ఇళ్ళల్లో ఆ భాష లేదు. అక్కడ రెండు రూపాయల వడ్డీ, మూడు రూపాయల వడ్డీ. అంటే నూటికి నెలకి. మూడు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి ముప్పైఆరు శాతం అని బోర్డుమీద రాస్తే పిల్లలు కాసేపు మాట్లాడరు. తర్వాత నోటు లెక్క చేయిస్తాను. ఇరవైవేలు మూడు రూపాయలకి తెచ్చారనుకోండి. మూడేళ్ళకి వడ్డీ 21,600. మూడేళ్ళు దాటితే నోటుకి కోర్టు గడువు తీరుతుంది కాబట్టి ఆలోపే తిరగరాయించుకుంటారు. వడ్డీని అసల్లో కలిపి 41,600కి కొత్త నోటు. ఇంకో మూడేళ్ళకి 44,928 వడ్డీ. మొత్తం 86,528. ఇరవైవేలు ఆరేళ్ళలో నాలుగింతలు దాటిపోయింది. బారువడ్డీ అని నోటితో చెప్పి నోటుతో చక్రవడ్డీ తీసుకోవటం అంటే ఇదే. తాగుడు మానితే బాగుపడతారని చెప్పేవాళ్ళు ఈ లెక్క ఒక్కసారి చేసి చూడాలి.

ఇంకోటి రోజువారీ ఫైనాన్సు. పదివేలు అంటాడు, చేతికి తొమ్మిదివేలిస్తాడు. రోజుకి వంద చొప్పున వందరోజులు కట్టాలి. వెయ్యి రూపాయలే గదా పోయేది అనుకుంటారు. కానీ ఆ తొమ్మిదివేలు వందరోజులూ మన దగ్గరుండవు. రెండోరోజునుంచే తరుగుతుంటాయి. యాభైరోజులకి సగమే మిగులుతుంది. సరిగ్గా కడితే అది నూటికి నెలకి ఆరు రూపాయలు దాటిన వడ్డీ. ఎనిమిదో తరగతి ఆడపిల్లలు కాగితంమీద రోజురోజూ తగ్గించుకుంటూ వచ్చి ఈ సంగతి వాళ్ళే పట్టుకున్నారు. అందులో ఒక పిల్ల ఇంటికి పోయి వాళ్ళమ్మకి చెప్పింది. ఆ తల్లి వాయిదా కుర్రాణ్ణి నిలబెట్టి అడిగింది. నాలుగురోజుల్లో కబురు నాదాకా వచ్చింది. ఫైనాన్సు ఆయన బడి గేటు దగ్గర బండాపి, "ఏమ్మా టీచరుగారూ, పాఠాలు చెప్పుకోక పిల్లలకి మా వడ్డీలెందుకమ్మా?" అన్నాడు. "ఇది పాఠమేనండీ, సిలబసులోదే" అన్నాను. పుస్తకం తెరిచి చూపించాను. మా పెద్దసారు మాత్రం సాయంత్రం పిలిచి, "ఎందుకొచ్చిన గొడవమ్మా, పొదుపు గురించి మంచిమాటలు చెప్పెయ్యొచ్చుగా" అన్నాడు. చూశారు గదా. మంచిమాటలకి ఎవరికీ అభ్యంతరం లేదు. లెక్కకే అభ్యంతరం.

నా పిల్లలకి నేనిచ్చే ఇంటిపని ఇంకా ఉంది. అమ్మ పనికిపోయిన రోజులు కేలండరుమీద టిక్కు పెట్టాలి. రావాల్సిన కూలి ఒకపక్క, వచ్చింది ఒకపక్క రాయాలి. ఖాళీ ప్రామిసరీ నోటుమీద ఇంట్లో ఎవర్నీ వేలిముద్ర వెయ్యనివ్వకూడదు. అంకె రాసి, చదివించుకున్నాకే రెవిన్యూ స్టాంపు మీద సంతకం. కట్టిన ప్రతి రూపాయికీ రసీదు అడగాలి, నోటు వెనక జమ రాయించాలి. బాకీ తీరితే నోటు వెనక్కి తెచ్చుకోవాలి. చదివింపుల పుస్తకం చించెయ్యకుండా దాచాలి. పదేళ్ళు నిండిన పిల్లలు తమ పేరుమీద ఖాతా తెరిచి తామే నడుపుకోవటానికి రిజర్వు బ్యాంకు 2025లో బ్యాంకులకి వీలిచ్చింది. ఆ సంగతి చెప్పి పాస్‌బుక్కు చదవటం నేర్పుతాను. ఆడపిల్లకి పదేళ్ళ లోపైతే పోస్టాఫీసులో సుకన్య ఖాతా ఉంది, ఏడాదికి 250 రూపాయలు కట్టినా చాలు. అయితే ఆ డబ్బు చదువుకి తియ్యాలి గానీ కట్నానికి కాదని తల్లుల మీటింగులో గట్టిగా చెప్తాను. మా అమ్మకి తన పేరుమీద మొదటి పాస్‌బుక్కు వచ్చింది ఉపాధి హామీ పనివల్లే. 2005 చట్టం ఆడామగకి ఒకటే కూలన్నది. ఆ పుస్తకాన్ని ఆమె బైబిల్లో పెట్టి దాచుకుంది. కూలి ఆమె పేరుతో అచ్చులో కనపడటం అదే మొదలు.

నా జీతం గురించి కూడా స్టాఫ్‌రూములో చాలామందికి బెంగ. "నువ్వు మీవాళ్ళకే పెట్టుకుంటూ పోతే ప్లాటెప్పుడు కొంటావమ్మా?" అంటారు. నిజమే. నా జీతంలో తమ్ముడి బీఈడీ ఉంది, మేనత్త కంటి ఆపరేషనుంది, పల్లెలో ఇద్దరు పిల్లల హాస్టలు పెట్టెలున్నాయి. అడిగే సహోద్యోగుల తాతలు పొలం వదిలిపోయారు, తండ్రులు ఇల్లు కట్టిపోయారు. వాళ్ళ జీతం వాళ్ళొక్కరి కోసం. నాది మూడు తరాల నాగాల కోత తీర్చాలి. అయినా నేను లెక్క లేకుండా ఇవ్వను. ఎవరికెంత, ఎందుకు, తిరిగొచ్చేదా రానిదా అన్నీ రాసుకుంటాను. చదువుకీ మందుకీ ఇస్తాను. డీజేకి ఇవ్వను. నా ఏటీఎం కార్డు నా దగ్గరే ఉంటుంది. పెళ్ళైన కొత్తల్లో దానిమీద మా ఇంట్లో పెద్ద పంచాయితీయే నడిచింది. ఉద్యోగం చేసే ఆడదాని కార్డు మొగుడి జేబులో ఉండటాన్ని కూడా కొంతమంది కుటుంబ సంస్కృతి అంటారు. ఆ సంస్కృతి నాకొద్దు. మా ముఠా సంస్కృతి నాకు చాలు.

మాలోనుంచి డబ్బు గురించి మాట్లాడినవాడు లేడని కూడా అనుకోకండి. బాబాసాహెబ్ లండన్లో డి.ఎస్సీ.కి రాసిన గ్రంథం దేనిమీద? రూపాయి సమస్య మీద. 1923లో అచ్చయింది. అంటరానివాడని కుండలో నీళ్ళు ముట్టనివ్వని దేశంలో పుట్టినవాడు, ఆ దేశపు రూపాయి విలువ ఎందుకు పడిపోతుందో, దానివల్ల ఎవరు నష్టపోతారో ప్రభుత్వానికి లెక్కకట్టి చెప్పాడు. హిల్టన్ యంగ్ కమిషన్ ముందు సాక్ష్యమిచ్చాడు. కోటూ పుస్తకమూ ఉన్న ఆయన విగ్రహం మా ప్రతి పల్లెలో ఉంది. ఆ చేతిలో పుస్తకం రాజ్యాంగమని పిల్లలకి తెలుసు. రూపాయి పుస్తకం కూడా ఆయన రాశాడని నేను చెప్తాను. లెక్కలంటే భయపడే పిల్ల ఆ మాటకి కాస్త నిటారుగా కూర్చుంటుంది.

మా కులాలనుంచి వచ్చిన టీచర్లకి ఒక మాట. పొదుపు పాఠం మీరే చెప్పండి, ఇంకొకళ్ళకి వదలకండి. పిల్లవాణ్ణి వాళ్ళమ్మ కొంగుముడి దగ్గరికి తీసుకుపోయి మొదలుపెట్టండి. పిడికెడు బియ్యాన్ని శాతాల్లో రాయించండి. చదివింపుల పుస్తకాన్ని జమాఖర్చులుగా చదివించండి. ఆ తర్వాత ఆసామి పుస్తకం తెరిపించండి.

మమ్మల్ని బాగుచెయ్యాలని తపించే మిగతా పెద్దలకి కూడా ఒక మాట. మా బడికి రండి. వచ్చేటప్పుడు మా ఊరి కూలి లెక్క, వడ్డీ లెక్క, నాగాల లెక్క పట్టుకురండి. ఆ కాగితాలు పిల్లల ముందు బల్లమీద పెట్టి, వాళ్ళడిగిన దానికి జవాబు చెప్పండి. అప్పుడు పొదుపు గురించి ఎంతసేపైనా చెప్పండి. నా పీరియడు మీకిచ్చి కుర్చీ నేనే వేస్తాను.